అలవాట్లు ఏమీ లేవు

పసిగుడ్డు గడ్డం వణకడం మొదట చూసింది ఎల్లవ్వే. ఆమె కళ్లు ఎప్పుడూ అలాంటివే వెతుకుతాయి. కాన్పు గదిలోంచి పిల్లను తెచ్చి చేతిలో పెట్టినప్పుడు అందరూ ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని చూస్తుంటే, ఆమె వేళ్లు లెక్కపెట్టింది. రెండుసార్లు. చేతివి పది, కాలివి పది ఉన్నాయని తేలాక అరికాళ్లు తిప్పి చూసింది. ఏ లోపమూ కనబడకపోవడం కూడా ఆమెకు భయమే అయింది. ఇంత సక్కగా ఉందంటే లోపలెక్కడో ఏదో దాగి ఉంటుందనుకుంది.

రెండో రోజు పొద్దుగూకే వేళ ఆమె కూతురు నీల పాలివ్వబోతే పిల్ల అందుకోలేదు. నోరు తెరిచింది, మూసింది. కింది పెదవి కింద చింతగింజంత గడ్డం సన్నగా అదిరింది. ఆ వెంటనే ఏడుపు. పసిపిల్లల ఏడుపు ఎల్లవ్వ చాలా విన్నది. ఇది రేకు మీద మేకు గీకినట్టుంది.

"సలి పెడుతుంది కావచ్చు అవ్వా," అంది నీల. ఆమె నుదురంతా చెమట.

"ఎండకాలం సలేందే బిడ్డా?"

"దిష్టి తగిలింది," అంది వియ్యపురాలు బుచ్చవ్వ. ఆమె ఆ మధ్యాహ్నమే సిరిసిల్ల నుంచి బస్సు దిగింది. మరమగ్గాల సాంచాలకు కండెలు చుట్టే పని ఒక్కరోజు మానుకుని రావడం ఆమెకు పెద్ద మాటే. "ఇంత పెద్ద వార్డుల పిల్లను గిట్ల బయట పెట్టుకుంటే అయితదా? వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరు చూడవట్టిరి."

మనీషా సిస్టర్ వచ్చి పిల్లను గుడ్డలోంచి విప్పి మంచం చివర పడుకోబెట్టింది. అరికాలి మీద వేలితో తట్టింది. పిల్ల రెండు చేతులూ పైకి లేచి, గాలిలో గడగడ వణికి, ఎంతకీ కిందికి దిగలేదు. పిల్లను గుండెకు అదుముకుని సిస్టర్ అద్దాల గదిలోకి తీసుకుపోయింది.

కాసేపటికి పిల్లల డాక్టరు బయటికొచ్చి కాగితం తీశాడు. తల్లికి బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చాయా అని ఒక్కొక్కటే అడిగాడు. ఎల్లవ్వ ప్రతి ప్రశ్నకూ ఆయన ముఖం చూసింది, దేనికి లేదంటే మంచిదో తెలుస్తుందేమోనని.

"కడుపుతో ఉన్నప్పుడు గోలీలేమన్న మింగిందా? తాగుడు, గుట్కా, అసొంటి అలవాట్లు?"

"రాం రాం," అని బుచ్చవ్వ చెంపలు వేసుకుంది. "మా ఇండ్లల్ల ఆడోళ్లు గసొంటియి ముట్టరు సారూ. మా పిలగాడు దివాకర్ మస్కట్ల ఉండి గూడ సిగరెట్ ముట్టడు."

"మా పిల్లకు శాయ్ తప్ప ఏ అలవాటు లేదు సారూ. కావాలంటే ఊళ్లె అడుగుండ్రి," అంది ఎల్లవ్వ. ఆడపిల్లను పట్టుకుని ఇలాంటి మాట అడిగినందుకు ఆమెకు కోపం కూడా వచ్చింది.

డాక్టరు 'అలవాట్లు ఏమీ లేవు' అని రాసుకున్నాడు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. తాగుడంటే బ్రాందీ. తాగుడంటే జీతం పారేసుకుని రోడ్డు పక్కన పడిపోయే మగవాళ్లు. పొద్దుగూకగానే ఇంటింటికీ వచ్చే కల్లు సీసా ఆ మాటలోకి ఎలా వస్తుంది? పొద్దంతా చాట ముందు వంగి బీడీలు చుట్టిన నడుముకు అది కావాలి. చుట్టం వస్తే మంచినీళ్లతో పాటు అదీ తేవాలి. పోచమ్మకు సాక పోసేదీ అదే. దేవతకు పోసేదాన్ని ఎవరైనా డాక్టరు ముందు అలవాటని చెప్పుకుంటారా?

లోపలికి పోబోతూ సిస్టర్ ఎల్లవ్వ చేయి పట్టుకుని వాసన చూసింది. "ఇదేం వాసనమ్మా?"

"జర్దా బిడ్డా. బీడీలు జేస్త."

"సబ్బు పెట్టి కడుగు. గీ చేతులతోని పాపను ముట్టకు."

ఆ మాట ఎల్లవ్వ గుండెలో ముల్లులా దిగింది. ముప్పై ఏళ్ల పొగాకు ఈ వేళ్లలో ఉంది. గోళ్ల కింద పసుపు రంగు పోనే పోదు. ఈ చేతులతోనే కదా నిన్న పిల్లను ఎత్తుకున్నది, పెదవి మీద తేనె చుక్క రాసింది! పంపు దగ్గరికి పోయి, సబ్బుబిళ్ల సగం అరిగేదాకా కడిగింది. చర్మం మండింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన అలాగే ఉంది. మళ్లీ కడిగింది.

మూడో రోజు పొద్దున ఆమె గేటు పక్కన రేకుల షెడ్డులో చాట ముందేసుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉంటే పిచ్చి ఆలోచనలు వస్తాయి. పైగా బీడీలు అందకపోతే కార్ఖానా సేటు కార్డులోంచి పేరు కొట్టేస్తాడని ఇంకో బెంగ. పిల్లను మళ్లీ ముట్టే ముందు స్నానమే చేస్తానని మొక్కుకుంది. తడిబట్టలో చుట్టిన తునికాకు తీసింది. కొలత రేకు పెట్టి కత్తిరించింది. చిటికెడు జర్దా పరిచి, మొదలు సన్నగా కొస లావుగా వచ్చేలా వేళ్ల మధ్య దొర్లించింది. కోరుట్ల చుట్టుపక్కల ఏ ఆడమనిషినైనా కళ్లు మూసుకుని చేయమంటే చేస్తుంది ఈ పని. ఎల్లవ్వ అయితే మాట్లాడుతూ, నవ్వుతూ, మనుమలను కసురుతూ రోజుకు వెయ్యి చేస్తుంది.

ఇప్పుడు దారం ముడి పడలేదు.

బీడీ విప్పింది. మళ్లీ చుట్టింది. దారం చూపుడువేలికి తిప్పబోతే వేలే పక్కకు పోయింది. ఆకు చిరిగింది. ఆకు ఎండిందనుకుని నీళ్లు చల్లింది. ఒళ్లంతా చెమట. చీర కుచ్చిళ్ల మీద చీమలు పాకుతుంటే దులిపింది, మళ్లీ దులిపింది. రాత్రంతా కన్ను మూత పడలేదు, అందుకే కావచ్చు. పిల్ల మీది బెంగ, అందుకే కావచ్చు.

పక్కన చాప మీద కూర్చున్న వెల్గటూరు ఆమె చాలాసేపటి నుంచి చూస్తోంది. కోడలి ఆపరేషన్ కోసం వచ్చి ఆ షెడ్డులోనే మకాం పెట్టిన మనిషి.

"ఏందక్కా, బీడీలు జేస్తున్నవా, వాటితోని కుస్తీ పడుతున్నవా?"

"ఆకు మంచిగ లేదు చెల్లె."

"ఆకు మంచిగనే ఉన్నది. నీ చెయ్యే చిందేస్తుంది. ఎన్నొద్దులాయె ఈడికచ్చి?"

"ఇయ్యాల్టికి మూడు."

"గదీ! మా అత్త గూడ గిట్లనే. దావఖానల ఏస్తే మూడోనాటికి వణుకుడే వణుకుడు. లేని చీమలను ఏరుతది. మా ఆయన జర ఒక సీసా పట్టిచ్చిండనుకో, లేచి కూసోని నన్నే తిడుతది." పకపకా నవ్వింది.

ఎల్లవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే చీర కుచ్చిళ్ల వైపు చూసింది. చీమలు లేవు. షెడ్డు నేల మీద కూడా ఒక్కటి లేదు.

నవ్వు ఆగిపోయింది. చాట అలాగే వదిలేసి లేచింది.

వార్డులో నీల మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. కళ్లు గుంటలు పడ్డాయి. తల్లిని చూడగానే కొంగు పట్టుకుంది.

"అవ్వా, గుండె దడదడ కొట్టుకుంటుందే. ఎవరన్న తలుపు ఏస్తే పాణం పోతుంది. ఒక్క సీసన్న తేరాదే. నిద్రన్న పడుతది."

ఎల్లవ్వ ఆమె చేతిని చూసింది. కొంగును పట్టుకున్న పిడికిలి అదురుతోంది. అక్కడే మంచం పక్కన బుచ్చవ్వ ఫ్లాస్కులోంచి చిన్న గ్లాసులోకి చాయ్ పోస్తోంది. నిండా పోసింది, చుక్క ఒలకలేదు. నిన్న రాత్రి బుచ్చవ్వ ఈ జగిత్యాలలోనే ఉన్న చెల్లెలి ఇంట్లో పడుకుని వచ్చింది. చుట్టాల ఇల్లు. ఏం తెచ్చి పెట్టి ఉంటారో చెప్పక్కరలేదు.

ఎల్లవ్వ అద్దాల గది దగ్గరికి నడిచింది. లోపల వెచ్చని దీపం కింద పిల్ల. ముక్కుకు పైపు. చిన్నచిన్న వేళ్లు విచ్చుకుని, అదిరి, ముడుచుకుని, మళ్లీ అదిరాయి. ఎల్లవ్వ తన చేయి ఎత్తి అద్దానికి ఆనించింది. అద్దం మీద ఆమె గోళ్లు టిక్కుటిక్కుమని చప్పుడు చేశాయి.

ఏడో నెలలో కాన్పు కోసం నీలను తోలుకొచ్చిన రోజు నుంచి, రోజూ పొద్దుగూకే వేళకు దుకాణం దగ్గర నిలబడి కల్లు సీసా తెచ్చింది తనే. నడుము నొప్పి పోతుంది, నిద్ర పడుతుంది, పాలు పడతాయి. ఎనిమిదో నెలలో ఒకరోజు నీల వద్దంది. "కడుపుల తిప్పుతుంది అవ్వా, ఇయ్యాల వద్దు." తనే గ్లాసు పెదవులకు ఆనించి, వెన్ను నిమురుతూ, "రెండంటే రెండు గుటకలు, నా బంగారం కదూ," అని బతిమాలింది.

ఆ మధ్యాహ్నమే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. సిస్టర్లు అటూ ఇటూ పరుగెత్తారు. డాక్టరు బయటికి వచ్చి, రక్తంలో ఏమీ దొరకడం లేదనీ, రేపు పొద్దున వెన్నులోంచి నీళ్లు తీసి చూస్తామనీ, ఇంకోసారి వస్తే కరీంనగర్ పంపాల్సి ఉంటుందనీ చెప్పాడు. వెన్నులో సూది అనగానే బుచ్చవ్వ గోడకు ఆనుకుని కూలబడింది.

అప్పుడే మస్కట్ నుంచి వీడియో కాల్. అల్లుడు దివాకర్ నెత్తి మీద పసుపు టోపీ, వెనక సగం కట్టిన గోడ.

"అవ్వా, పాప మంచిగున్నదా? ఏడుస్తుందా?"

"మంచిగున్నది కొడుకా. జర సలి పెట్టింది అంతే," అని బుచ్చవ్వ కళ్లు తుడుచుకుని ఫోను ఎల్లవ్వకు ఇచ్చింది.

"అత్తా, నువ్వు దగ్గరున్నవని నాకు రంది లేదు. పాపను నువ్వే ఎత్తుకో. నీల నిద్ర మొకంది, దానికి తెల్వది."

ఎల్లవ్వ ఫోను రెండు చేతులతో పట్టుకుంది. అయినా తెర మీద అల్లుడి ముఖం ఊగింది.

"సిగ్నల్ లేదా అత్తా? గట్ల ఊగుతున్నవేంది?"

"ఆఁ, సిగ్నలే," అంది.

ఆ సాయంత్రమంతా ఆమె తనలో తాను చెప్పుకుంది, చెప్పుకున్నదాన్ని చెరిపేసుకుంది. చెబితే ఏమవుతుంది? బుచ్చవ్వ వింటుంది. కొడుక్కు చెబుతుంది. తాగుబోతు తల్లి, తాగుబోతు బిడ్డ అంటారు. అల్లుడు ఫోను ఎత్తడం మానేస్తాడు. నీల చంటిదాన్ని చంకనేసుకుని తన గుమ్మంలోకి వస్తుంది. పోలీసులు కూడా వస్తారేమో. చెప్పకపోతే? రేపు పొద్దున వేలెడంత వెన్నులో సూది గుచ్చుతారు. అప్పటికీ ఏమీ దొరకదు. కరీంనగర్ పంపుతారు, అక్కడా దొరకదు. దారిలో అంబులెన్సులోనే... అక్కడిదాకా వచ్చి ఆమె ఆలోచన ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

తెల్లారి ఎనిమిది గంటలకు సూది సామాను ట్రేలో పెట్టుకుని మనీషా సిస్టర్ వస్తుంటే, ఎల్లవ్వ అద్దాల తలుపుకు అడ్డంగా నిలబడింది. సిస్టర్‌ను ఒక్కదాన్నే పట్టుకుని గుట్టుగా చెబుదామనుకుంది. కానీ బుచ్చవ్వ అప్పుడే వచ్చి వెనక నిలబడింది. డాక్టరు కూడా చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు. ఇంక తప్పించుకునే దారి లేదు.

"సారూ, నా బిడ్డ కల్లు తాగింది."

"ఎప్పుడు?"

"రోజు. పొద్దుగూకితె ఒక సీసా. పురుడచ్చిన ముందొద్దు దాక. నేనే తెచ్చిన సారూ. అది వద్దన్ననాడు గూడ నేనే పోసిన." తన రెండు చేతులూ ముందుకు చాచింది. అవి ఆయన ముందు గడగడలాడాయి. "సూడుండ్రి. దానియి గిట్లనే ఉన్నయి. పసిదానియి గిట్లనే ఉన్నయి. ముగ్గురం నాలుగొద్దుల సంది తాగలేదు."

డాక్టరు ఆ చేతులను చాలాసేపు చూశాడు. ట్రే పక్కన పెట్టమని సిస్టర్‌కు సైగ చేశాడు.

ఎల్లవ్వ వెనక్కి తిరగలేదు. బుచ్చవ్వ నోట్లోంచి రాబోయే మాట కోసం ఎదురుచూసింది. బాణాలు వస్తాయనుకుంది. కానీ బుచ్చవ్వ గొంతులో కోపం కన్నా వింత ఎక్కువగా ఉంది.

"గదేంది వదినె? గిందుకేనా నువ్వు రాత్రంత మింగలేక కక్కలేక అయినవు? కల్లు తాగితే ఏమైతది? మా ఇంట్ల ఐదు నెలలు నేను పోయలేదా? నేను తాగే కదా దివాకర్‌ను కన్నది. వాడు బండలెక్క లేడా? సారూ, ఆమె రందితోని గట్లంటుంది, మీరు వేరే పరీక్షలు చెయ్యుండ్రి."

"అవ్వా, మీ కాలంల చెట్టు మీది కల్లు వేరు," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు దుకాణంల దొరికేది నీళ్లు, నిద్రగోలీల పొడి. బొడ్డుపేగులకెల్లి పాపకు గూడ రోజు అందింది. పుట్టంగనే ఒక్కసారి బందయింది. గందుకే గీ వణుకు. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందు ఉన్నది, మెల్లగ తగ్గిస్తం." ఎల్లవ్వ వైపు తిరిగాడు. "నీకు, నీ బిడ్డకు గూడ గోలీలు రాస్త. నాలుగైదు రోజులు కష్టముంటది. ఆమె అడుగుతది, ఏడుస్తది, తిడుతది. ఏమన్నా సరే, బయటనుంచి ఒక్క చుక్క రావద్దు. మా మందు మీద అది పడితే ఊపిరికే ప్రమాదం."

వెన్నులో సూది వెయ్యలేదు. ఎల్లవ్వ నేల మీద చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిట్టే మనిషి ఒక్కరూ లేకపోవడం ఆమెకు ఇంకా భారంగా ఉంది. తనను తిట్టాలంటే బుచ్చవ్వకు ఆ సీసాలో తప్పు కనబడాలి. కనబడలేదు.

మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు సన్నబడింది. సిస్టర్ చెంచాతో పట్టిన పాలు నాలుగు చుక్కలు మింగింది. కానీ నీలకు ఎక్కువైంది. గోలీ వేసినా నిలవలేదు. దుప్పటి తన్నేసింది, గాజులు మంచం పట్టీకి కొట్టుకుంది.

"నువ్వే అలవాటు చేసి, నువ్వే సంపుతున్నవా? తల్లివేనా నువ్వు?" అని అరిచింది. వార్డులో వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

బుచ్చవ్వ కాసేపు అది చూసి, ఎవరికీ చెప్పకుండా బయటికి పోయింది. కొడుక్కు ఫోను చేయడానికే పోయిందని ఎల్లవ్వ అనుకుంది. గంట తర్వాత వచ్చింది. చేతిలో కూరగాయల సంచి, పైన కొత్తిమీర కట్ట. ఎల్లవ్వను వార్డు గుమ్మం బయటికి పిలిచి కొత్తిమీర పక్కకు జరిపింది. తువ్వాల చుట్టిన సీసా. మూత అంచున తెల్లని నురగ.

"పిల్ల సచ్చేటట్టున్నది వదినె. నా పాణం గుంజుతుంది. రెండు గుటకలు పోద్దాం. పాలియ్యకుంటె అయిపాయె. మిగిలింది నువ్వు తాగు. నీది గూడ పీనుగ మొకమైంది."

ఆ ముఖంలో కపటం లేదు. కోడలి మీద నిజమైన జాలి, ఎండలో నడిచి వచ్చిన అలుపు. దాన్ని చూసి ఎల్లవ్వకు ఒళ్లు జలదరించింది. తను కూడా నీల పెదవులకు గ్లాసు ఆనించినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది, ఇంతే ప్రేమగా.

పుల్లని వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. నాలుగు రోజులుగా ఒంట్లో తిరుగుతున్న దడ ఆ సీసా వైపు ఒక్కసారిగా లాగింది. తల ఊపితే చాలు. ఎవరికీ తెలియదు. బిడ్డ పడుకుంటుంది. తనూ పడుకుంటుంది.

"వద్దు వదినె."

"ఏమైతది? డాక్టర్లు గట్లనే అంటరు. జరుగు."

"నువ్వు పిలగాని తల్లివి. నీకు ఎదురు ఎన్నడన్న మాట్లాడిన్నా? ఇయ్యాల జరుగ."

"నీ కన్నబిడ్డ గట్ల కొట్టుకుంటుంటే సూడబుద్ధయితుందా నీకు?"

"నా చేతికియ్యకు," అంది ఎల్లవ్వ. చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇస్తే నేను తాగుత. తాగినంక దానికి గూడ పోస్త. నన్ను నేనే నమ్ముత లేను. గేటు బయట మోరిల పారబొయ్యి, నీ కాలు మొక్కుత."

బుచ్చవ్వ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ముఖం ఎర్రబడింది. "మంచిది. మా దివాకర్‌కు నువ్వే చెప్పుకో," అని సంచి మూతి బిగించి, మెట్లు దిగి గేటు వైపు నడిచింది. మురుగు మోరీలో పోస్తుందో, చెల్లెలి ఇంటికి పట్టుకుపోతుందో ఎల్లవ్వ చూడలేదు. చూస్తే వెనకాలే నడుస్తానేమోనని భయం.

వార్డు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. వీపు ఒక చెక్కకు, పాదాలు రెండో చెక్కకు తన్నిపెట్టి. వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఆమె కాళ్లు దాటుకుంటూ, సణుక్కుంటూ పోయారు.

"అవ్వా," అని లోపలి నుంచి నీల పిలిచింది.

నీల చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ పిలుపు రెండోసారి వినబడేదాకా ఎల్లవ్వ ఎన్నడూ ఆగలేదు. చాట మీద పని ఉన్నా, పొయ్యి మీద కూడు ఉన్నా.

"అవ్వా... ఓ అవ్వా..."

ఎల్లవ్వ వణికే రెండు చేతులతో గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుంది. లేవలేదు.